గెలిచాక పెట్టే పేరు

జనవరి 26, 1996

ఈ డైరీ పార్టీ ఆఫీసులో ఊరికే పంచారట. మొదటి పేజీలో కన్నియప్పన్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద అరవంలో శాసనసభ్యులు అని పెద్దగా ఉంది. దాని ముందు 'మాజీ' అన్న ముక్క చీమ తలకాయంత ఉంది. మా ఆయన తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నీకు రాసే పిచ్చి ఉండాది కదా, పెట్టుకో" అన్నాడు.

ఈయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తొండియార్‌పేటలో పుట్టి అరవ బడిలో చదివిన మనిషి. పొద్దస్తమానం కొట్ల బోర్డుల మీద అరవం, ఇంగ్లీషు ముత్యాల్లా రాస్తాడు గానీ, నా రాత చూస్తే "ఏందే ఇది, జిలేబీలు చుట్టినట్టు" అంటాడు. నేను నాయుడుపేటలో పదో తరగతి దాకా చదివాను. ఈ ఇంట్లో నా మాట దాచుకోవడానికి పెట్టె, తాళం అక్కర్లేదు. తెలుగులో రాస్తే చాలు.

ఈ రోజు పాపకు ఇరవై ఒకటో రోజు. పేరు పెట్టలేదు.

పురుడు పోయడానికి వచ్చిన పెద్దమ్మ పొద్దున్నే బస్సెక్కింది. అమ్మ లేని లోటు తెలియకుండా చేసింది పాపం, వెళ్ళేటప్పుడు మాత్రం మొహం ముడుచుకుంది. "కుక్కపిల్లకైనా తెచ్చిన రోజే పేరు పెడ్తారు. పేరు లేని బిడ్డను ఏమని పిలిచి ఎత్తుకునేదే?" అంది. తండ్రి చేత బియ్యంలో పేరు రాయించడానికి ఇత్తడి పళ్ళెం చింతపండు పెట్టి తోమి ఉంచింది. అది వంటింట్లో బోర్లించే ఉంది.

జనవరి 28

పెద్దమ్మకు ఇక్కడి సంగతి ఎంత చెప్పినా తలకెక్కలేదు. నాకూ పెళ్ళయిన కొత్తలో ఎక్కలేదు.

ఈ వీధిలో పార్టీవాళ్ళ ఇళ్ళల్లో బిడ్డకు పేరు నాయకుడే పెట్టాలి. అంతవరకు ముద్దుకైనా ఏ పేరూ పిలవకూడదు, పిలిస్తే అదే అంటుకుపోతుందట. ఈయన పేరు కూడా అలా వచ్చిందే. అరవై ఏడు ఎలక్షన్లలో మామయ్య నెలల బిడ్డను చంకనేసుకుని ప్రచారం జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. అందులో ఉన్న కేండిడేటు మైకులోనే 'విజయకుమార్' అన్నాడు. గెలిచాడు. అతను గెలిచింది తన కొడుక్కి ఆ పేరు పెట్టినందుకేనని మామయ్య ఈ రోజుకీ చెబుతాడు. ఆ మైకు లేకపోతే తనకు ఈ వీధిలో ఈ పాటి మర్యాద ఉండేది కాదని ఈయన నమ్మకం. ఇద్దరికిద్దరే.

మా పెళ్ళి కూడా ఎమ్మెల్లే చేతుల మీదుగానే. కన్నియప్పన్ గారు ఎనభై తొమ్మిదిలో గెలిచి ఉన్నారు. తాళి ఆయనే అందించాలని శుభలేఖల్లో 'శాసనసభ్యులు' అని అచ్చు వేయించారు. పెళ్ళి వారం ఉందనగా తొంభై ఒకటిలో అసెంబ్లీ రద్దయింది. ఈయన పెళ్ళికొడుకై ఉండి, కూర్చుని ఒక్కో శుభలేఖ మీద సన్న కుంచెతో 'మాజీ' అని రాశాడు. అప్పుడు నవ్వుకున్నాం.

ఆ ఎలక్షన్లలో ఆయన ఓడిపోయారు. మాకు ఐదేళ్ళు పిల్లలు పుట్టలేదు. రెండింటికీ సంబంధం ఉన్నట్టే మాట్లాడతాడు మామయ్య.

ఫిబ్రవరి 4

పాపకు పసుపుపచ్చ గౌను తొడిగి, బుగ్గన చుక్క పెట్టి, పార్టీ ఆఫీసుకు తీసుకెళ్ళాం. కన్నియప్పన్ గారు లేచి వచ్చి ఎత్తుకున్నారు. ఎత్తుకున్నదే తడవు ఆయన తెల్లచొక్కా తడిపేసింది మహాతల్లి. ఈయన మొహం మాడిపోయింది గానీ ఆయన పగలబడి నవ్వారు. "ఇంకా టికెట్టే రాలేదయ్యా విజయకుమార్. టికెట్టు లేనివాడు పెట్టే పేరు ఎందుకు? రానీ, దర్జాగా పెడతాను" అన్నారు అరవంలో. పాప తల నిమిరి నా చేతికిచ్చారు.

మంచి మనిషే. అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టుకుంటూ వచ్చి ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళం.

దారిలో ఈయన నేల మీద నడవలేదు. "చూసినావా, ఎట్ల ఎత్తుకున్న్యాడో. ఎవురి బిడ్డనూ అట్ల ఎత్తుకోడు" అన్నాడు.

ఫిబ్రవరి 12

మామయ్య పాటకు పాప అలవాటు పడింది. అది పాట కాదు, మా తొగుది చరిత్ర. నియోజకవర్గాన్ని ఇక్కడ మేమంతా తొగుది అనే అంటాం. హార్బరులో మూటలు మోసినన్నాళ్ళూ, రిటైరై ఇంట కూర్చున్నాకా మామయ్య కంఠతా పెట్టింది అదొక్కటే. చీర ఉయ్యాల ఊపుతూ లాలి రాగంలో తీస్తాడు:

"యాభైరెండులో మిల్లు దొర గెలిచె, జోజో... యాభైయేడులో మళ్ళా ఆయనే గెలిచె, జోజో... అరవైరెండులో లాయరు గెలిచె, మాట నిలుపుకోకపాయె, జోజో... అరవైయేడులో మనోడు గెలిచె, మన విజయునికి పేరు పెట్టె, జోజో... డెబ్బైయొకటిలో మళ్ళా గెలిచె... డెబ్బైయేడులో పార్టీ మారె, పరువు పోగొట్టుకునె, జోజో..."

ఎనభై, ఎనభై నాలుగు, ఎనభై తొమ్మిది దాటి తొంభై ఒకటికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. అప్పుడు ఉయ్యాలలోకి వంగి, "తొంబయ్యారులో ఎవురు తల్లీ? నువ్వే చెప్పాల" అంటాడు. అప్పటికి అది నిద్రపోయి ఉంటుంది.

"మామా, రాముడి లాలో కృష్ణుడి లాలో పాడొచ్చు కదా" అన్నాను.

"వాళ్ళు మన తొగుదిలో నిలబడలేదమ్మా" అన్నాడు.

ఫిబ్రవరి 19

పక్కింటి తంగమ్మ రాయపురం రేవు నుంచి చేపల గంప దింపుకుని వస్తూనే, నీ మనసులో పేరేమీ లేదా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. ఎవరు పెట్టినా మంచి పేరైతే చాలు నాకు.

ఫిబ్రవరి 23

నీళ్ళు పోస్తుంటే నోరు జారింది. కాళ్ళ మీద బోర్లా పడుకున్నది తల తిప్పి చూసింది. ఎవరూ వినలేదు. ఇక్కడ కూడా రాయను.

మార్చి 14

ఎవరు ఎవరితో కలుస్తారో తేలలేదట. పార్టీలో టికెట్టుకు ముగ్గురు నలుగురు కాచుకుని ఉన్నారట. ఈయనకు అన్నం సహించడం లేదు. పాప చక్కగా పాలు తాగుతోంది, బుగ్గలు వచ్చాయి. దానికి ఏ పొత్తూ అక్కర్లేదు.

మార్చి 29

టికెట్టు వచ్చింది. వీధంతా టపాకాయలు. పాప ఉలిక్కిపడుతుంటే చెవులు మూసి పట్టుకున్నాను.

మార్చి 31

మళ్ళీ తీసుకెళ్ళాం. మళ్ళీ పసుపుపచ్చ గౌనే, చంకల్లో బిగుతైంది. ఈసారి పూలదండ కూడా కొన్నాడు. ఆఫీసు ముందు జనం, జీపులు, మేళం. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

కన్నియప్పన్ గారు పాపను గుర్తుపట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళతో, "వీడి పేరు పెట్టిన మనిషి గెలిచాడు. వీడి బిడ్డకు పేరు పెట్టేవాడు గెలిచి పెట్టాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "విజయకుమార్, ఓట్లు ఎంచిన తర్వాత, ఓటేసినందుకు నండ్రి చెప్పడానికి మీ వీధికి వస్తాను. అప్పుడు జీపు మీద నిలబడి, మైకులో, ఎమ్మెల్లేగా పెడతాను. సరేనా?"

ఈయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. ఆనందంతో. నేను పాప కాళ్ళు పట్టుకుని నిలబడ్డాను, అవి మాత్రమే నా చేతిలో ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను.

"ఇంకా ఎన్నాళ్ళండీ?"

"మే నెలే కదే. బిడ్డ కోసరం ఐదేండ్లు కాచుకున్న్యామే, పేరు కోసరం ఒక నెల కాచుకోలేవా?"

"ఆయన ఓడిపోతే?"

"నోరు కడుక్కో పో. ఈ తూరి ఓడే పేచ్చే లేదు, ఆ మాటే వద్దు."

"మీకు మీ నాయన రెండో నెలకే పెట్టించినాడు. దీనికి మూడు నిండబోతా ఉండాది. ఆలస్యం అమృతం విషం అంటారు."

"అప్పుడు కేండిడేటు పెట్టినాడు నాకు. దీనికి ఎమ్మెల్లే పెడ్తాడు. నా బిడ్డ నాకంటే ఒక మెట్టు పైన ఉండకూడదా?"

అంత ప్రేమ మీద ఎలా కోపం తెచ్చుకోవడం? లోపలికెళ్ళి ఏడ్చాను. వచ్చేసరికి ఈయన ఒక రేకు ముక్క కోసుకుని కూర్చున్నాడు. గులాబీ రంగు వేసి, అంచున మల్లెతీగ గీస్తున్నాడు. ఉయ్యాల పైన కట్టడానికట. మధ్యలో ఖాళీ. "పేరు వచ్చిన దినమే రాస్తాను చూడు" అన్నాడు.

ఏప్రిల్ 4

టీకా వేయించాను. సూది పొడిస్తే ఏడ్చింది, ఏడుస్తూ నన్నే చూసింది. చీటీలో నా పేరుతో 'బేబీ ఆఫ్ కోకిల' అని రాసిచ్చారు.

ఏప్రిల్ 10

ఈసారి గోడల మీద రాస్తే కేసు పెడతారట. ప్రతి ఎలక్షన్‌కూ గోడలన్నీ ఈయనవే. ఇప్పుడు గుడ్డ బేనర్లు. ఇల్లంతా రంగు వాసన. వంటిల్లు తప్ప ఎక్కడ చూసినా కన్నియప్పన్ గారి పేరే ఆరుతోంది. పాప మైకు వినబడితే నవ్వడం నేర్చుకుంది. పార్టీ రక్తం అని మామయ్య మురిసిపోయాడు.

నీళ్ళు పోసేటప్పుడు రోజూ పిలుస్తున్నాను. రోజూ తిరిగి చూస్తోంది. మే నెలలో మైకులో ఇంకో పేరు వస్తే ఏం చేస్తుందో. రెండు పేర్లుండకూడదా ఏం? చాలామందికి ఉంటాయి.

ఏప్రిల్ 17

పాపకు జలుబు. ఎండాకాలం జలుబు, ఏం కాదు.

ఏప్రిల్ 18

జలుబే. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. తంగమ్మ వాము వేడిచేసి మూటకట్టి ఇచ్చింది. ఈయన మాధవరం దాకా బేనర్లు కట్టడానికి వెళ్ళాడు, రేపు గానీ రాడు. జలుబుకు ఎవరైనా కబురు పంపిస్తారా.

ఏప్రిల్ 19

పాలు పట్టడం లేదు. డొక్కలు ఎగరేస్తోంది. తంగమ్మ ఆటో పిలిచింది.

ఏప్రిల్ 20

నెమ్ము అన్నారు, రెండు పక్కలా. ఈ డైరీ పాప గుడ్డలతోపాటు సంచిలో వచ్చేసింది. వార్డులో పిల్లలందరినీ తల్లి పేరుతోనే పిలుస్తారు. 'కోకిల బేబీ' అంటే పరిగెత్తాలి. మందు తెమ్మన్నా కోకిల బేబీయే, జ్వరం చూడాలన్నా కోకిల బేబీయే. ఈయన మధ్యాహ్నం వచ్చాడు, చేతులకు ఇంకా రంగు ఉంది.

కొంచెం నయంగానే ఉంది. కొంచెం.

ఏప్రిల్ 21

'కోకిల బేబీ' అని పిలిచారు.

ఏప్రిల్ 30

తేదీ చూసుకుని రాస్తున్నాను. మధ్యలో ఇన్ని రోజులు ఎటు పోయాయో తెలియదు.

ఆ రోజు పొద్దున నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. నా పేరు పెట్టే పిలిచింది. నా పేరుతోనే చెప్పింది. మంచి పిల్ల, తనకూ కళ్ళు తడిశాయి. నేను మాత్రం, ఎవరో కోకిల అట, ఆమె బిడ్డ పోయిందట, పాపం అనుకున్నాను. ఒక్క క్షణం నిజంగా అలాగే అనుకున్నాను.

ఆడవాళ్ళను కాటికి రానివ్వరు. ఈయన గుడ్డలో చుట్టి రెండు చేతుల మీద తీసుకెళ్ళాడు. మామయ్య వెనకాల నడిచాడు. అక్కడ ఏం జరిగిందో మామయ్య నిన్న చెప్పాడు నాకు, చెప్పకుండా ఉండలేక.

"ఆడ రాసుకునేవాడు పేరేంది అన్న్యాడమ్మా. పేరు లేదంటే వాడు కలం ఎత్తి కాచుకోని ఉండాడు. మావోడు కోకిల అన్న్యాడు."

అంటే నన్నే పూడ్చి వచ్చారు. మంచిదే. సగం నిజమే కదా.

ఈయన మూడో రోజే బేనర్లకు వెళ్ళిపోయాడు. చావు కబురు తెలిస్తే అపశకునం అంటారని పార్టీలో ఎవరికీ చెప్పలేదట. ఒంట్లో బాగాలేక రాలేదన్నాడట. నాకు కోపం రావాలి. రావడం లేదు. ఈయన ఇంట్లో కూర్చుంటే ఉయ్యాల కొక్కేన్ని చూడాలి. నేను చూస్తున్నాను కదా, ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఉయ్యాల చీర ఉతికి మడతపెట్టాను. ఉతక్కుండా ఉండాల్సింది. వాసన పోయింది.

మే 3

ఓట్లు అయిపోయాయి. నేను వెళ్ళనన్నాను. మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు, పిలవలేదు, కదలనూ లేదు. చివరికి వెళ్ళాను.

బడిలో అట్టపెట్టె చాటున నిలబడి, కన్నియప్పన్ గారి గుర్తు పక్కన ముద్ర వేశాను. వెయ్యకూడదనే వెళ్ళాను. చెయ్యి తీరా అక్కడికి వచ్చాక అనిపించింది, ఆయన ఓడిపోతే నా బిడ్డ దేనికోసం ఆగినట్టు? ఊరికే ఆగినట్టవుతుంది కదా అని వేశాను. గట్టిగా ఒత్తి వేశాను, చెల్లకుండా పోకూడదని.

మే 11

గెలిచారు. వీధంతా టపాకాయలు. చేతులు వాటంతటవే లేచాయి, చెవులు మూయడానికి. ఎవరి చెవులు?

మామయ్య మంచం మీద కూర్చుని మెల్లిగా మొదలుపెట్టాడు. "యాభైరెండులో..." అలవాటు. ఎనభై దాటాడు, ఎనభై నాలుగు దాటాడు, తొంభై ఒకటి దాకా వచ్చాడు. తొంభై ఆరు దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు జవాబు తెలుసు. చెప్పడానికి ఎవరూ లేరు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మే 19

ఈ రోజు జరిగింది రాయాలి. రాయకపోతే నేనే నమ్మను.

కన్నియప్పన్ గారు గెలిపించినందుకు నండ్రి చెప్పడానికి మా వీధికి వచ్చారు. ముందు మేళం, వెనక జీపు, జీపు చుట్టూ పొరుగు వీధుల జనం. ఈయన పార్టీ అంచు పంచె కట్టుకుని అందరితో పాటు నిలబడ్డాడు. నేను తలుపు రెక్క పట్టుకుని చూస్తున్నాను. పోతుందిలే, మర్చిపోయి ఉంటారులే అనుకున్నాను. నాయకులకు ఎన్ని వాగ్దానాలు. ఈ దేశంలో ఏ ఎమ్మెల్లే మాట గుర్తుపెట్టుకున్నాడు?

ఆయన గుర్తుపెట్టుకున్నారు.

సరిగ్గా మా ఇంటి ముందు జీపు ఆపించారు. మైకు తీసుకుని, "ఎంగప్పా నమ్మ విజయకుమార్? కుళందై ఎంగే?" అన్నారు. మన విజయకుమార్ ఏడీ, బిడ్డేదీ అని. నవ్వుతూ రెండు చేతులూ చాచారు, ఎత్తుకోవడానికి.

మా వీధివాళ్ళకు తెలుసు. వాళ్ళందరూ ఒక్కసారిగా నోళ్ళు మూశారు. తంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేళంవాళ్ళకు తెలియదు, వాయిస్తూనే ఉన్నారు. ఈయన జీపు దగ్గరికి నడిచాడు.

"వీట్ల తూంగుదు, అణ్ణా" అన్నాడు. ఇంట్లో నిద్రపోతోందన్నా అని.

ఎవరూ కాదనలేదు. ఇంత పెద్ద వీధిలో ఒక్కరూ కాదనలేదు. ఎలా అంటారు?

"సరి సరి, తూంగట్టుం", నిద్రపోనీ అని, కన్నియప్పన్ గారు గొంతు తగ్గించారు. నిజంగా తగ్గించారు, నిద్రపోతున్న బిడ్డ లేస్తుందేమోనని. మేళాన్ని ఆపమని చేత్తో సైగ చేశారు. ఆ నిశ్శబ్దంలో మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, మెల్లగా, "వెట్రిచ్చెల్వి" అన్నారు. గెలుపుతల్లి అని అర్థం. జనం చప్పట్లు కొట్టారు. ఈయన చేతిలో ఒక పొట్లం పెట్టారు. జీపు కదిలింది.

ఈయన లోపలికి వచ్చి పొట్లం నా చేతికిచ్చాడు. ఎర్ర గౌను. ఏడాది బిడ్డకు సరిపోయేది. పెరుగుతుందని కొంచెం పెద్దదే కొన్నారు, ఇంగితం ఉన్న మనిషి.

"నిద్రపోతా ఉండాదని ఎందుకు చెప్పినారు?" అన్నాను.

"ఏం చెప్పేది కోకిలా? ఆడ మైకు ఉండాది. చచ్చిపొయ్యిందని మైకు ముందర చెప్పేదా?" అని గోడకు జారగిలపడి కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, కాటి నుంచి వచ్చినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. మామయ్య లేచి వచ్చి కొడుకు తల పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. నేను గౌను పట్టుకునే ఉన్నాను.

మే 20

పొద్దున ఈయనే అడిగాడు. "పేరు బాగుండాదా? వెట్రిచ్చెల్వి."

"బాగుంది. మన పాప పేరు అది కాదు" అన్నాను.

"మరి ఏంది?"

చెప్పాను. వినగానే మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"ఎప్పుడు పెట్టినావు?"

"నేను పెట్టలేదు. నీళ్ళు పోసేటప్పుడు నోట్లోంచి వచ్చేసింది. పిలిస్తే తిరిగి చూసేది. ఆసుపత్రిలో ఆఖర్న చెవిలో పిలిచాను. కళ్ళు ఇటు తిప్పింది. దానికి తెలుసు."

తిడతాడనుకున్నాను. ఆచారం తప్పావని అయినా, దాచావని అయినా.

"నువ్వన్నా పిలిచినావు" అన్నాడు. "నేను ఒక్క తూరి కూడా పిలవలేదే దాన్ని. ఏమనీ పిలవలేదు."

ఐదేళ్ళు ఈ మనిషితో కాపురం చేశాను. ఇంత చిన్నగా ఎప్పుడూ కనబడలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

మే 26

ఆదివారం. ఈయన అటక మీద నుంచి ఆ గులాబీ రేకు దించాడు. అంచున మల్లెతీగ, మధ్యలో ఖాళీ. దుమ్ము తుడిచి, తెల్లరంగు కలిపి, కుంచె పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"తెలుగులో రాయాల. నీ భాషలో పిలిచినావు కదా. చూపీ" అన్నాడు.

కాగితం తెమ్మన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, జనవరి నుంచి బోర్లించి ఉన్న పెద్దమ్మ పళ్ళెం తెచ్చాను. అందులో బియ్యం పోసి అరచేత్తో చదును చేశాను. మామయ్య మంచం దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎవరం ఏమీ అనుకోలేదు గానీ, ముగ్గురికీ తెలుసు ఏం చేస్తున్నామో. ఈ పని చేయాల్సిన రోజు ఎప్పుడో పోయింది. బిడ్డ కూడా పోయింది. పళ్ళెం మిగిలింది.

బియ్యంలో వేలితో ఒక్కో అక్షరం రాశాను. ఈయన కళ్ళు చిట్లించి చూసి, ముందు గాల్లో కుంచె తిప్పి, ఆపైన రేకు మీద దించాడు. వేలకొద్దీ బోర్డులు రాసిన మనిషి, బడిపిల్లాడిలా ఒక్కో గీతా దిద్దాడు.

"ఈ పక్కన గుండ్రం ఏంది?"

"సున్న. అది లేకపోతే పేరు లేదు."

"దీని మీద టోపీ మాదిరి?"

"గుడి. మెల్లగా తిప్పండి, తెగనివ్వకండి."

మూడే అక్షరాలు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం అయింది. చివరి అక్షరానికి తలకట్టు పెట్టి కుంచె ఎత్తాడు. మామయ్య వంగి, తనకు రాని ఆ అక్షరాల వైపు చూసి, బియ్యంలోంచి నాలుగు గింజలు తీసి రేకు మీద చల్లాడు. తడి రంగుకు రెండు అంటుకున్నాయి. తీయబోతే ఈయన వద్దన్నాడు.

వాకిట్లో ఎండకు ఆరబెట్టాడు. తంగమ్మ గంప దింపుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి చూసింది. కొట్టు బోర్డు అనుకుంది పాపం.

"ఎన్నా తంబీ, ఎవురి కడై పేరు?" అని తన అరవం తెలుగుతో అడిగింది.

నేను జవాబు చెప్పబోయాను. ఈయన లేచి నిలబడ్డాడు. వీధిలో అందరికీ వినబడేట్టు చెప్పాడు, మైకు లేకుండానే.

"నా కూతురి పేరు అక్కా. నందిత."